తొలి ట్రిప్పూ లోటు బడ్జెటూ

నాకు నోరెక్కువ. కండక్టరుకి నోరు లేకపోతే బస్సు నడవదని నేనంటాను. నీ నోటి వల్లే బస్సు ఆలస్యమవుతోందని మా డ్రైవరంటాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ తగువు తేలలేదు, తేలదు కూడా.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి విశాఖ పోర్టులో ఉద్యోగానికి వచ్చి, వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో కాపురం పెట్టాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ సందులోనే. అందుకని ఇంట్లో గోదావరి మాట, బస్సులో విశాఖ మాట మాట్లాడతాను. కోపమొస్తే రెండూ కలిసిపోతాయి. అప్పుడు నన్ను చూసి అందరూ నవ్వుతారు, నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

కొన్నేళ్ళుగా యారాడ తొలి ట్రిప్పు నాది. తెల్లవారకముందే డిపో నుంచి ఖాళీ బస్సు కొండెక్కి, అవతల సముద్రపొడ్డున ఉన్న ఆ పల్లెలోకి దిగుతుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఊపిరాడదు. పడవలు ఒడ్డుకి రాగానే అక్కడే చేపలకి వేలంపాట పెడతారు. ఆడవాళ్ళు పాటలో కొనుక్కుని, తట్టల్లో సర్దుకుని, పైన తడి గోనె కప్పి స్టాపుకి పరిగెత్తుకొస్తారు. సీట్ల మధ్య తట్టలు, తట్టల మధ్య కాళ్ళు, కాళ్ళ మధ్య నేను. ఘాట్ రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా చేపల నీళ్ళు ఒకసారి ఇటు పారతాయి, ఒకసారి అటు పారతాయి. ఎన్ని సబ్బులు మార్చినా నా ఖాకీ కోటుకి నెత్తళ్ళ చేపల వాసన వదల్లేదు. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు సెలవు రోజున ఆ వాసన లేకపోతే ఏదో మర్చిపోయి వచ్చినట్టుంటుంది.

వాళ్ళకి ఆ ట్రిప్పు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఐసు పెట్టిన లారీ చేపలు దిగకముందే వాళ్ళు వన్ టౌన్ మార్కెట్లో తట్ట దించాలి. దించితే తాజా చేపని జనం ఎగబడి కొంటారు. లారీ ముందొచ్చేసిందా, ఇక ఈ తట్ట వైపు ఎవరూ తల తిప్పరు. ఆటో కట్టించుకుంటే సంపాదనంతా ఆటోకే పోతుంది. ఇక మిగిలేది ఒడ్డున కాచుకుని కూర్చునే దళారి. వాడికి బస్సు రాని రోజంటే పండగ. వాడు నోటికొచ్చిన రేటు చెప్తాడు, వీళ్ళు నోరు మూసుకుని తట్ట ఇచ్చేసి ఇంటికి పోవాలి.

వాళ్ళలో ఒకావిణ్ణి నేను పెద్దమ్మా అంటాను. భర్తకి చూపు తగ్గి వేట మానేశాడు. ఇల్లు ఈవిడ తట్ట మీదే నడుస్తోంది. మోకాళ్ళు అరిగిపోయాయి, కానీ నోరు మాత్రం నాకన్నా ఒక ఆకు ఎక్కువే చదివింది. మా డ్రైవరుని అల్లుడా అని పిలుస్తుంది. అతను ఉక్కునగరం క్వార్టర్సులో పెరిగినవాడు, వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో చేసేవాడు, ఇతను ఇప్పటికీ అక్కడే అద్దెకుంటాడు. పేపరు చదవనిదే ఇంజను స్టార్ట్ చెయ్యడు. స్టాపులో జనం ఎక్కుతున్నంతసేపూ స్టీరింగ్ మీద పేపరు పరిచి, చదివిందల్లా పెద్దమ్మకి వినిపించేవాడు. ఆ రోజుల్లో పేపరు నిండా ఒకటే గోల, బడ్జెట్‌లో లోటు.

"సూసినావా పెద్దమ్మా, గవర్నమెంటుకి ఒచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. కర్సులు కోసేత్తారంట."

"ఎవుల కర్సులు?"

"అందరివీని. ఆడోలకి బస్సు ఫ్రీ, ఆ పథకం, ఈ పథకం. ఎక్కణ్ణించి తెత్తారు? అప్పే కదా? రేపా అప్పు నా కూతురు కట్టాల."

"నీ కూతురికి సిన్నప్పుడు టీకాలెక్కడేయించినావు?"

"గవర్నమెంటాస్పత్రిలో."

"మరి?"

"మరేటి మరి! అందుకే సెప్తన్నాను, ఆస్పత్రికుండాలంటే ఇంకోటేదో మానాల."

పెద్దమ్మ తట్ట మీద గోనె సర్దుకుని, తాపీగా అనేది, "ఒరే అల్లుడా, వేట లేనప్పుడు మా ఇంట్లోనూ కోత్తాం. కూర మానేత్తాం, కాపీ మానేత్తాం, కొత్త సీర మానేత్తాం. వల కుట్టడం మానేత్తామేటి?"

బస్సులో ఆడవాళ్ళందరూ ఓహో అని అరిచేవారు. మా డ్రైవరు మాత్రం తగ్గేవాడు కాదు. "అదే పెద్దమ్మా గొడవ. అందరూ తమదే వలంటారు. ఆస్పత్రోలు మాదే వలంటారు, బడోలు మాదే వలంటారు, నువ్వు బస్సే వలంటన్నావు. మరి కూరెవుడిది? ఎవుడో ఒకడు నాదే కూర, కొయ్యండని సెప్పాల కదా!"

దానికి పెద్దమ్మ నవ్వేసి, "నీదే కూర. రోజూ పొద్దుటి టిపినుకి నీ కేరేజీలో గుబాళిస్తన్నాది గదా," అనేది. బస్సంతా గొల్లుమనేది. నేను 'రైట్ రైట్' అని అరిచేదాన్ని.

నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచేది. అదే నా చిరాకు. ఒకళ్ళది తప్పయితే హాయిగా తిట్టి ఊరుకోవచ్చు. అప్పు చేసి పప్పుకూడు ఎన్నాళ్ళు తింటామని నాకూ అనిపించేది. అంతలోనే వెనక్కి తిరిగి తట్టలు చూస్తే, ఇది పప్పుకూడు కాదు, గంజి అనిపించేది.

ఆ వాదన అలా సరదాగా సాగుతుండగానే మా నెత్తి మీదకే వచ్చిపడింది. నష్టాల ట్రిప్పులు తగ్గించాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. ఆ లిస్టులో యారాడ తొలి ట్రిప్పు ఉందని డిపోలో చెప్పారు. నిజమే, ఆ ట్రిప్పుకి నా సంచిలో చిల్లర తప్ప ఏముంటుంది? ఎక్కేదంతా ఆడవాళ్ళే, కొట్టేదంతా పైసా రాని జీరో టికెట్టే. అది చాలదన్నట్టు పై ఆఫీసులో ఎవరికో అనుమానం కూడా వచ్చింది. కోడి కూసే వేళకి అంతమంది ఆడవాళ్ళు ఆ కొండ మీద ఎందుకెక్కుతారు, కండక్టరు ఊరికే టికెట్లు కొట్టి బస్సు నిండినట్టు చూపిస్తోందేమో అని.

"చేపలమ్మడానికండీ! కొండ మీద వాకింగ్‌కి కాదు!" అని డిపోలోనే అరిచాను.

"అరవకమ్మా. గురువారం ఒక ఆఫీసరు మీ బస్సులోనే వస్తారు. ఆయనే చూసుకుంటారు," అన్నారు.

హమ్మయ్య అనుకున్నాను. చూస్తే చాలు కదా! ఆ బస్సుని ఒక్కసారి చూసినవాడెవడూ దాన్ని ఖాళీ బస్సు అనడు. బుధవారం పొద్దున్న బస్సు ఎక్కుతుండగానే అందరికీ గట్టిగా చెప్పాను.

"రేపు పెద్దాఫీసరు వస్తున్నాడు మన బస్సులో. బస్సు శుభ్రంగా ఉండాలి. నీళ్ళు కారకూడదు. కిటికీల్లోంచి ఉమ్మకూడదు. కొట్టుకోకూడదు. ఆయనకి ఏ ఇబ్బందీ రాకూడదు, తెలిసిందా? ఆయన మంచిగా రాస్తేనే బస్సుంటుంది, లేకపోతే లేదు."

"ఓలమ్మో! ఆపీసరు మన బస్సెక్కుతాడా!" అని పెద్దమ్మ బుగ్గ నొక్కుకుంది. "నువ్వేటీ బెంగెట్టుకోకే. ఆయనికేటీ ఇబ్బంది రాకుండా నాను సూసుకుంటాను."

ఆయన ఎందుకు వస్తున్నాడో మాత్రం నేను విడమర్చి చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

గురువారం ఆఫీసరు డిపోలోనే ఎక్కాడు. మా తమ్ముడి వయసుంటుంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు, మాట మర్యాద. ఘాట్ రోడ్డు మలుపులకి పాపం కడుపులో తిప్పి, నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చున్నాడు. నేను లోపల్లోపల మురిసిపోతున్నాను. కాసేపాగు నాయనా, చూద్దువు గానీ, అనుకుంటున్నాను.

బస్సు యారాడ స్టాపులో ఆగింది.

పిట్ట కూడా లేదు.

స్టాపంతా ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి ఉంది. అరుగు మీద చెక్కిన కొబ్బరిబొండం ఒకటి, పైన మూతలా కొబ్బరి చెక్క. మనిషన్నవాడు లేడు. ఒక కుక్క ముగ్గు మధ్యలో నిలబడి మా వైపు చూస్తోంది.

"ఇవాళ ఏమైనా పండగా?" అన్నాడు ఆఫీసరు.

నా నోరు పెగల్లేదు. నా నోరు! ఆయన ట్యాబు తెరిచి చూసి, "నిన్న ఇక్కడ బస్సు నిండిపోయినట్టుందమ్మా మీ టికెట్లలో," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది. ఆ మెల్లగా అన్నదే గుండెల్లో దిగింది. ట్రిప్పు పోయింది, దాంతో నా పరువూ పోయింది, దొంగ టికెట్లు కొట్టిందన్న పేరు మిగిలింది, అనుకున్నాను.

అప్పుడు చూడాలి మా డ్రైవరుని! నెలల తరబడి కోతలుండాలి, కోతలుండాలి అని వాదించిన మనిషి. ఇంజను ఆపేసి కిందికి దిగాడు. ఒక టైరు తన్నాడు, ఇంకో టైరు తన్నాడు. మళ్ళీ ఎక్కి బ్రేకు బుస్సు బుస్సుమని తొక్కాడు. "బ్రేకులో గాలి నిండలేదు సార్. గాలి లేకుండా ఘాట్ దిగితే డేంజరు. ఒక్క నిమిషం." ఆ గాలి ఎంతకీ నిండలేదు. ఎలా నిండుతుంది, నింపే వాడే వదిలేస్తుంటే? సందు చివరికి చూడడం, గాలి వదలడం. ఎంతసేపని? చివరికి ఆఫీసరు గడియారం చూసుకునేసరికి ఇక స్టార్ట్ చెయ్యక తప్పలేదు.

ఖాళీ బస్సు గలగలలాడుతూ కొండెక్కడం మొదలుపెట్టింది. రెండు మలుపులు తిరిగాక ముందు ఏదో వరస కనిపించింది. రోడ్డు వారగా, నెత్తి మీద తట్టలతో, ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు నడిచిపోతున్నారు. బస్సు చూడగానే అందరూ పక్కకి తప్పుకుని, ఆయనకి చేపల వాసన తగలకుండా తట్టలు అటు తిప్పి పట్టుకున్నారు. అందరికన్నా వెనక పెద్దమ్మ, ఒక కోడలి భుజం పట్టుకుని కుంటుతోంది. బస్సు దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆఫీసరుకి దణ్ణం పెట్టి, మీరు పదండి పదండి అన్నట్టు చెయ్యూపింది.

నేను ఆపమనే లోపే మా డ్రైవరు ఆపేశాడు. నేను దూకేశాను.

"ఏం పుట్టింది మీకు! ఎవరు నడవమన్నారు? బస్సుంటే ఈ ఊరేగింపేటి? ఏటి పెద్దమ్మా ఇది!"

"నెమ్మదే, ఆపీసరినెట్టుకుని అరుపులేటి!" అని నన్నే కసిరింది పెద్దమ్మ. "ఇంటికి సుట్టాలొత్తే మనం మంచం దిగమేటి? ఆయన సుకంగా కూకుని ఎల్తాడని ముందే అడ్డదారంట బయల్దేరి ఇప్పుడే రోడ్డెక్కినాం. బస్సంతా సేపల కంపుంటే, సీ ఇదేం బస్సు అని తీసేడా? పొద్దున్నే లెగిసి సీపురెట్టినాం, ముగ్గెట్టినాం. బొండాం తాగినాడా?"

నేను నెత్తి కొట్టుకున్నాను. "ఓసి నా తల్లీ! బస్సెవరెక్కుతారో చూడ్డానికే ఆయనొచ్చాడే! మీరెక్కితేనే బస్సు. మీరు లేకపోతే అది ఒట్టి రేకు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకావిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ "వోలమ్మో" అంది. అంతే, తట్టలన్నీ ఒక్కసారి బస్సు మీదికి దూకాయి. వెనక తలుపు, ముందు తలుపు, ఎటు సందుంటే అటు. ఆ తొక్కిసలాటలో ఒక తట్ట ఒరిగి నాలుగు కానాగడత చేపలు ఆఫీసరు బూట్ల దగ్గర పడ్డాయి. ఆయన కాళ్ళు పైకెత్తుకుని, తన బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు పెద్దమ్మకి చూపించాడు. ఆయన మొహంలో నవ్వు చూశాక నా ప్రాణం కుదుటపడింది. ఆ రోజు ఎంత ప్రేమగా టికెట్లు కొట్టానో! టికెట్ మిషను కిరకిరలాడుతుంటే సన్నాయి విన్నట్టే ఉంది.

మలుపులు తిరుగుతున్నాం. పెద్దమ్మ ఊరుకుంటుందా? "బాబూ, ఒకటడుగుతాను ఏటనుకోకు. ఈ బస్సు తీసేత్తే గవర్నమెంటుకేటి మిగుల్తాది?"

ఆయన రుమాలు ముక్కు మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఒక్క బస్సుతో ఏమీ మిగలదమ్మా. ఇలాంటివి చాలా కలిస్తే కొంత మిగులుతుంది. అది కూడా మిగల్చకపోతే జీతాలకీ పింఛన్లకీ అప్పు తేవాలి. ఇప్పటికే తెస్తున్నారు. మా నాన్న పింఛను కూడా అందులోంచే వస్తుంది. నేను మీ బస్సు ఉంచమని రాస్తే, ఇంకెక్కడో ఒక బస్సు తీసెయ్యమని రాయాలి. అక్కడా మీలాంటివాళ్ళే ఉంటారు కదా."

నేను గొడవకి సిద్ధంగా ఉన్నాను. కానీ ఆయన అబద్ధం చెప్పడం లేదు, గొప్పలకి పోవడం లేదు. గొడవ పెట్టుకోవడానికి చోటివ్వలేదు. పెద్దమ్మ కిటికీలోంచి సముద్రం వైపు చూసి, "అదీ నిజవే బాబూ. ఇంకోల నోటికాడ కూడు లాక్కుని మాకెడితే అరగదు," అంది.

అప్పుడు ముందు నుంచి మా డ్రైవరు, అద్దంలో చూస్తూ, "సార్, నానొకటి సెప్తాను. ఉక్కునగరం మధ్యాహ్నం ట్రిప్పు ఉంది కదా, అదీ మాదే. ఇద్దరు ముగ్గురు తప్ప ఎక్కరు. వాలకి ఎనకాలే ఇంకో బస్సుంది. అది తీసీండి," అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ ట్రిప్పంటే అతనికి ప్రాణం. దాని పుణ్యమా అని రోజూ క్వార్టర్సులో దిగి, ఇంట్లో వేడన్నం తిని, కాస్త నడుం వాల్చి వచ్చేవాడు. అది పోతే మధ్యాహ్నమంతా గాజువాక ట్రిప్పు, ఆ ట్రాఫిక్కే. ఆఫీసరు ట్యాబులో ఏదో రాసుకుని, "అది కూడా చూస్తాను. కానీ మాటివ్వలేను," అన్నాడు. వన్ టౌన్‌లో దిగేటప్పుడు పెద్దమ్మ రెండు చందువా చేపలు ఆకులో చుట్టి ఇవ్వబోతే, తీసుకోకూడదని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. లారీ ఇంకా రాలేదు. తట్టలన్నీ దిగాయి.

"మీ ఆవిడ ఏమంటుందయ్యా?" అన్నాను మా డ్రైవరుతో.

"బడ్జెట్టు కన్నా ముందు అదే నన్ను కోసేత్తాది," అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే ఆడవాళ్ళు బస్సెక్కుతూ నా మొహం చూసేవారు. ఏమైనా తెలిసిందా అని నోటితో అడిగేవారు కాదు. అడిగినా పోయేది. నేను ఊరికే విసుక్కునేదాన్ని, తట్ట జరుపు, చీర జరుపు అని. పెద్దమ్మ, డ్రైవరు ఇద్దరూ వాదించుకోవడం కూడా మానేశారు. వాళ్ళిద్దరూ నోరు మూసుకున్న బస్సులో ప్రయాణం నరకం.

ఒకరోజు డ్యూటీ దిగేసరికి డిపో బోర్డు మీద కాగితం అంటించి ఉంది. రద్దయిన ట్రిప్పులు. పైనుంచి కిందికి చదివాను. కింది నుంచి పైకి చదివాను. యారాడ తొలి ట్రిప్పు లేదు. ఉక్కునగరం మధ్యాహ్నం ట్రిప్పు ఉంది. ఇంకా ఏవేవో ఊళ్ళు ఉన్నాయి, ఆ పేర్ల మీంచి కళ్ళు గబగబా దాటించేశాను. దేవుడా అని గట్టిగా అరిచి, పక్కన ఊడుస్తున్న ఆవిణ్ణి కౌగిలించుకున్నాను. ఆవిడ చీపురు జారవిడిచి, "ఏటయిందే నీకు!" అని బెదిరిపోయింది. మా డ్రైవరు కాగితం చూసి, "ఊఁ, ఇలా ఒకటుంచి ఒకటి తీత్తే లోటెప్పుడు పూడుద్దో," అని గొణిగాడు. గొణుగుతూనే క్యాంటీన్‌కి తీసుకెళ్ళి నాకు టీ ఇప్పించాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

డిపో మేనేజరు మాత్రం ఒక మాటన్నాడు. ఇది వచ్చే బడ్జెట్ దాకానే, తర్వాత మళ్ళీ చూస్తారని.

మర్నాడు పొద్దున్న స్టాపులో ఎవరినీ ఎక్కనివ్వకుండా మెట్టు మీద అడ్డంగా నిలబడి చెప్పాను. బస్సుంది, ఉంచేశారు అని. ఆ అరుపులకి ఒడ్డున దళారి కూడా తిరిగి చూశాడు. ఒకావిడ నా బుగ్గలు చేపల చేత్తోనే పుణికింది. పెద్దమ్మ మాత్రం తట్ట కింద పెట్టి, దాని పక్కనే నేల మీద చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

దాచుకోవడం నాకు చేతకాదు. "వచ్చే బడ్జెట్ దాకానే పెద్దమ్మా," అని ఆ మాట కూడా చెప్పేశాను.

"అదెప్పుడే?"

"ఇంకా చాలా ఉంది. మళ్ళీ ఎండలొచ్చినప్పుడు."

పెద్దమ్మ తలెత్తి నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అంత మొగమేలాడేసుకుని సెప్తావేటే! ఆ సముద్రం మాకెప్పుడూ రేపటికైనా మాటియ్యలేదు. నీ ఆపీసరు ఎండల దాకా ఇచ్చినాడు. ఇంకేటి కావాలే మాకు?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెట్టు మీంచి పక్కకి తప్పుకున్నాను. ఒక్కొక్కరే తట్టలు అందించుకుంటూ ఎక్కి, ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు.